సర్టిఫికెట్ ఇచ్చి సాగనంపుడేనా?

మంథనికి మంత్రపురి అని ఇంకో పేరున్నది. గోదారి ఒడ్డున వేదం చదివిన పండితుల ఊరని గొప్పగ చెప్పుకుంటరు. ఆ ఊరి చుట్టూ ఉన్న మాదిగవాడల, మాలవాడల, నేతకానోళ్ల ఇండ్లల్ల బుద్ధి ఎదగని పిల్ల పుడితే ఏం చెప్తున్నరు? పూర్వజన్మ పాపమట! కాన్పు కాడ ఆలస్యమై పసిగుడ్డు మెదడుకు గాలి అందకపోతే అది ఏ జన్మ పాపం? తల్లికి తిండి సక్కగ లేక నెల తక్కువ బిడ్డ పుడితే పాపం ఎవరిది? అన్ని కారణాలు డాక్టర్లకే అంతు పట్టవు, నిజమే. కాని కర్మ అన్న మాట పంతులుకెంత పనికొస్తదో సర్కారుకు గూడ అంతే పనికొస్తది. ఇద్దరి నెత్తి మీది బరువు దిగిపోతది.

చట్టాలు లేవా అంటే బోలెడున్నయి. 1999ల నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, ఒకటి కంటె ఎక్కువ వైకల్యాలు ఉన్నోళ్ల కోసమే ఆ చట్టం. దాని కింద లక్ష రూపాయల దాక వైద్యానికి నిరామయ బీమా ఉన్నది. 2016ల వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 7 రకాల వైకల్యాలను 21 చేసింది. ఎక్కువ ఆసరా అవసరమైనోళ్లు అది కావాలని అడిగే హక్కు 38వ సెక్షన్‌ల రాసిన్రు. మన వాడల ఈ సంగతులు ఎంతమందికి తెలుసు? చెప్పేటోడు ఎవడు?

అసలు కథ ఇక్కడున్నది. పిల్ల మెడ నిలపలేదని చూసేది అంగన్‌వాడి. ఎదుగుదల లోపం రాసుకునేది ఆరోగ్య శాఖ బండి, 2013ల పెట్టిన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద. సర్టిఫికెట్‌కు మీసేవల స్లాటు పట్టాలె. ముందు సదరం అన్నరు, తర్వాత యూడీఐడీ అన్నరు. పింఛనుకు ఇంకో ఆఫీసు. బడికి భవిత కేంద్రం, అది విద్యాశాఖది. సికింద్రాబాద్‌ల బుద్ధిమాంద్యం కోసమే కేంద్ర సర్కారు సంస్థ 1984 నుంచి ఉన్నది, మంథని నుంచి రెండు వందల కిలోమీటర్ల పైనే. ఒక తలుపుకు ఇంకో తలుపు సంగతి తెల్వది. ఈ తలుపులన్నిటి నడుమ తిరిగేది ఎవరు? కైకిలి పోయే తల్లి. పిల్లను సంకనేసుకొని, కాగితాలు కవరుల పెట్టుకొని, ఆ పూట కూలి పోగొట్టుకొని. చదువుకున్న చుట్టం, కారు, పైరవి ఉన్న ఇంటి పిల్లకు ఇదంతా ఒక్క ఫోనుతోని అయితది. కులం పనిచేసేది ఇట్లనే, తిట్టు లేకుండ, కొట్టుడు లేకుండ.

ఈ తిరుగుడంతా ఒక ఉద్యోగి నెత్తిన పెట్టుడునే కేస్ మేనేజ్‌మెంట్ అంటరు. పేరు ఇంగ్లీషుదే గాని పని కొత్తది కాదు. పిల్ల పేరు మీద ఒక మనిషి ఉండాలె. ఇంటికి రావాలె, ఏం కావాల్నో తల్లిదండ్రులతో కూసొని రాయాలె, దవాఖాన నుంచి బడి దాక, బడి నుంచి పని దాక వెంట పడాలె. ఆగిన కాడ ఎందుకు ఆగిందని ఆఫీసును అడగాలె. అమెరికాల కాలిఫోర్నియా రాష్ట్రం 1969ల లాంటర్‌మన్ చట్టం చేసి దీన్ని హక్కుగ రాసింది. అక్కడ 21 ప్రాంతీయ కేంద్రాలున్నయి, ఒక్కో మనిషికి ఒక్కో ప్రణాళిక, దాన్ని చూసేటందుకు పేరున్న ఒక ఉద్యోగి. అక్కడ అంతా పూలబాటని చెప్తలేను. అక్కడ నల్లోళ్లు గూడ కొట్లాడి తెచ్చుకోవాల్సిందే. కాని అడిగితే జవాబు చెప్పాల్సిన మనిషి ఒకడు చట్టంల ఉన్నడు.

పైసలు లేవంటరు. పింఛను 2014ల 1500 చేసిన్రు, 2019ల 3016, 2023ల 4016. ఇది ఎవల దయ కాదు, వికలాంగులు రోడ్డెక్కి కొట్లాడి పెంచుకున్నది. కాని పింఛను పిల్లకు మాట నేర్పది, మూర్ఛ వస్తే మందు తేది. ఇంకో సంగతి, మనోళ్లకు గూడ ఇది గుచ్చుకోవాలె: కాళ్లు లేనోడు, కండ్లు లేనోడు ధర్నాల మైకు పట్టి మాట్లాడుతడు. బుద్ధి ఎదగని పిల్ల మైకు పట్టది. అందుకే మన కరపత్రాలల్ల గూడ ఆ పిల్ల పేరు చివరి పంక్తిలనే ఉంటది, ఉంటే.

తల్లిదండ్రులు పోతే ఆ పిల్లకు దిక్కెవరు? ఆడపిల్లయితే భయం ఇంకెక్కువ. గార్డియన్‌ను పెట్టేటందుకు జిల్లాకో లోకల్ లెవల్ కమిటీ ఉండాలని 1999 చట్టమే చెప్పింది. అందుల కలెక్టర్ ఉండాలె, ఒక స్వచ్ఛంద సంస్థ మనిషి, ఒక వికలాంగుడు ఉండాలె. మంథని 2016 దాక కరీంనగర్ జిల్లాల ఉండె, ఆ తర్వాత పెద్దపల్లి జిల్లాకు వచ్చింది. ఆఫీసు దగ్గరికొచ్చిందని చెప్పిన్రు. కమిటీ దగ్గరికొచ్చిందా?

వాడవాడకు కార్యకర్తలు పోయి పిల్లల పేర్లు, ఏ కాగితం ఉన్నది, ఏది ఆగింది రాసుకోండ్రి. సోమవారం ప్రజావాణికి తల్లులందరు కలిసి పోవాలె, ఒక్కొక్కలు కాదు. మండలానికి ఒక బాధ్యుడిని పేరుతో వేయాలని దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండ్రి. లోకల్ లెవల్ కమిటీ ఎన్నిసార్లు కూసున్నది, మంథని మండలం నుంచి ఎంతమందికి గార్డియన్‌ను ఇచ్చింది అని సమాచార హక్కు కింద అడగండ్రి. 30 రోజులల్ల జవాబు రావాలె. రాకపోతే 31వ రోజు అప్పీలు రాసేటందుకు కాగితం ముందే తయారు పెట్టుకోండ్రి.