ఫ్రేము మార్చాలా, వద్దా?

మూడు నెలలుగా నా సైకిలు వెనక నుంచి 'టక్కు'మని ఒక చప్పుడు వస్తోంది. నున్నటి రోడ్డు మీద వినబడదు. అల్ అమరాత్ దాటి, తారు వదిలి, వాదీలో రాళ్ళ మీదికి దిగానో లేదో మొదలవుతుంది. శుక్రవారం తెల్లవారుజామున కలిసి తొక్కే మా నలుగురిలో ముగ్గురివి కొత్త బళ్ళు. "ఇంకెన్నాళ్ళండీ దీంతో? ఫ్రేము మార్చేయండి" అన్నాడొకాయన. మిగతా ఇద్దరూ తలూపారు. అంతే, ఆ వారమంతా నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఈ సైకిళ్ళ గోల తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. నాది ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్. అంటే ముందు ఫోర్కులోనే కాక, వెనక చక్రానికి కూడా షాక్ అబ్జార్బర్ ఉంటుంది. అందుకే దీని ఫ్రేము ఒకే ముక్క కాదు. ముందొక త్రికోణం, వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం, ఆ రెంటినీ కలిపే లింకులు. లింకు కదిలే ప్రతిచోటా బేరింగులు. నా బండికి మొత్తం ఎనిమిది.

మస్కట్ చుట్టూ ఇలాంటి బండి ఉంటే నడుముకి మంచిది. ఇక్కడి ముదురు గోధుమరంగు కొండలు ఒకప్పుడు సముద్రం అడుగునా, దాని కిందా ఉన్న రాయి. భూమి పొరల ఒత్తిడికి పైకొచ్చి కూర్చుంది. సమైల్ ఓఫియోలైట్ అని పేరు పెట్టి, ప్రపంచం నలుమూలల నుంచీ భూగర్భ శాస్త్రజ్ఞులు చూడ్డానికి వస్తుంటారు. మేం మాత్రం దాని మీద టైర్లు కోయించుకుంటాం.

ఈ బండిని 2013లో కొన్నాను. ఉద్యోగం ముగించుకుని స్వదేశం వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషాయన 220 రియాళ్ళకి ఇచ్చేశాడు. అప్పటి లెక్కలో ముప్పైవేల రూపాయల పైమాటే. "సైకిలుకా?" అని మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంది.

తణుకులో మా నాన్నగారికి ఒక అట్లాస్ సైకిలుండేది. నేను పుట్టకముందు కొన్నది. ఆయన దానికి టైర్లు మార్చారు, చెయిన్ మార్చారు, పెడళ్ళు, సీటు, రిమ్ములు, చివరికి హ్యాండిలు కూడా మార్చారు. మార్చనిది ఫ్రేమొక్కటే. ఆయన లెక్కలో ఫ్రేమంటే సైకిలు, మిగతావన్నీ దానికి తగిలించే సామాన్లు. ఏ ఊళ్ళో ఏ షాపుకి వెళ్ళినా ఆ సామాను దొరికేది, సరిపోయేది. ఇప్పుడు నాకిచ్చిన సలహా సరిగ్గా తలకిందులు: సామానంతా ఉంచుకుని ఫ్రేము మార్చమని.

సరే, కాగితం పెన్నూ పట్టుకుని కూర్చున్నాను. షాకుతో కలిపి ఒక మంచి అల్యూమినియం ఫ్రేముకి దాదాపు 780 రియాళ్ళు. రవాణా, కస్టమ్స్, అయిదు శాతం వ్యాట్ అదనం. అక్కడితో అయిపోతే బాగానే ఉండును. నా చక్రాలు 26 అంగుళాలవి. ఇప్పుడొచ్చే పెద్దవాళ్ళ ఫ్రేములు దాదాపు అన్నీ 29కి, కొన్ని 27.5కి. నా వెనక ఇరుసు 135 మిల్లీమీటర్లు, కొత్త ఫ్రేముకి కావాల్సింది 148. కాబట్టి చక్రాలు పోయాయి. నా ఫోర్కు గొట్టం కిందనుంచి పైదాకా ఒకే మందం. కొత్తవి కింద లావు, పైన సన్నం. దానికి సర్దుబాటు రింగు దొరుకుతుంది గానీ, 26 అంగుళాల ఫోర్కులో 29 చక్రం పట్టదు. కాబట్టి ఫోర్కూ పోయింది. నా బండికి ముందు మూడు పళ్ళచక్రాలు, వాటిమీద చెయిన్ని జరిపే డిరైలర్ ఒకటి. కొత్త ఫ్రేముల్లో చాలావాటికి అది బిగించే చోటే లేదు. గేర్లూ పోయాయి.

చివరికి పాత బండి నుంచి మిగిలినవి హ్యాండిలు, సీటు, పెడళ్ళు. మొత్తం 1,700 రియాళ్ళు దాటింది. అదే తరగతి కొత్త సైకిలు పూర్తిగా తయారైనదే 1,100కి వస్తోంది. కంపెనీవాళ్ళు సామాను టోకున కొంటారు, నేను చిల్లరగా కొంటాను, తేడా అదే. పదేళ్ళు దాటిన బండికి ఫ్రేము మార్చడమంటే సైకిలు మార్చడమేనని, అదీ ఖరీదైన దారిలో మార్చడమని అప్పుడు అర్థమైంది.

అలాగని కొత్తవాటిలో పస లేదని కాదు. మా మిత్రుడి బండి తొక్కి చూశాను. నా బండికి ముందు గొట్టం వాలు 69 డిగ్రీల పైన. వాళ్ళది 65. ఆ నాలుగు డిగ్రీల వల్ల ముందు చక్రం ఇంకాస్త ముందుకెళ్ళి నిలబడుతుంది. నిట్టనిలువు దిగుడులో నేను బోర్లా పడతానేమోనని బ్రేకు పట్టుకునే చోట, అది నిబ్బరంగా దిగిపోతుంది. పెద్ద చక్రం కాబట్టి రాయి మీదినుంచి సులువుగా దొర్లిపోతుంది. ఆశ పుట్టింది. అబద్ధం చెప్పను.

ఆ కాగితం మా ఆవిడ చూసింది. అంకెల గురించి ఏమీ అనలేదు. "ఏమండీ, పైపుల మీద పగుళ్ళు వెతకడమే కదా మీ ఉద్యోగం? దాన్నెప్పుడైనా చూశారా?" అంది.

నేను వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ని. ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ అతుకులన్నీ పరీక్షించి సంతకాలు పెడుతున్నాను. నా బరువు మోసే అతుకుల్ని ఒక్కసారి కూడా చూడలేదు. పైగా అల్యూమినియం సంగతి నాకు తెలియనిది కాదు. ఉక్కు మీద పడే భారం ఒక హద్దులోపల ఉంటే ఎన్ని లక్షలసార్లు ఊగినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న చిన్న కుదుపులు కూడా ఖాతాలో జమవుతూనే ఉంటాయి. పగులు మొదలైతే ఎక్కువగా అతుకు పక్కనే మొదలవుతుంది.

శనివారం సైకిలు మొత్తం విప్పాను. సీటు గొట్టం, పై గొట్టం కలిసేచోట రంగు మీద వెంట్రుకంత సన్నని గీత కనబడింది. గుండె ఒక్కసారి ఆగినట్టయింది. చప్పుడు అక్కడినుంచే వస్తోందేమో! అక్కడ రంగు గీకేసి, శుభ్రంగా తుడిచి, డై పెనిట్రెంట్ కొట్టాను. (కంపెనీ డబ్బాలు కావు, కొన్నవే.) ఇదొక ఎర్రరంగు ద్రవం. పగులుంటే లోపలికి పాకుతుంది. పది నిమిషాలాగి, పైనున్నదంతా తుడిచేసి, తెల్లటి డెవలపర్ చల్లాలి. లోపల దాక్కున్న ఎరుపు ఆ తెలుపు మీదికి గీతలా ఊరుతుంది.

ఆ పది నిమిషాలూ మా అమ్మాయి పక్కనే మెట్టు మీద కూర్చుంది. పదకొండో తరగతి.

"ఇది పోతే కొత్తది కొంటావా నాన్నా?"

"కొనాలి మరి."

"కిందటి చలికాలం నేనూ వస్తానన్నాను. నీ సైకిలుతో వాదీలో కుదరదన్నావు."

అన్నాను. దానిది ముందు బుట్ట ఉన్న సైకిలు, ఖురమ్ బీచి పక్క రోడ్డుకి సరిపోతుంది. ఆ సంగతి నేను అప్పుడే మర్చిపోయాను. అది మర్చిపోలేదు.

తెల్లపొడి ఆరింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు చూశాను. ఎర్రగీత రాలేదు. పగిలింది రంగే, లోహం కాదు. సంతోషించాను. దాని వెనకే కాస్త నిరాశ కూడా కలిగిందని ఒప్పుకోవాలి. పగులుంటే కొనడానికి సాకు దొరికేది.

మరి చప్పుడెక్కడిది? లింకులు విప్పి బేరింగుల్ని వేలితో తిప్పితే తెలిసింది. ఎనిమిదింట్లో అయిదు గరగరలాడుతున్నాయి, రెండు కదలనే కదలవు. వాదీ కబీర్‌లో పంపులు బాగుచేసే చిన్న షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడ ప్రెస్ మీద పనిచేసే అతనిది రాయచోటి. పాత బేరింగు చేతిలోకి తీసుకుని నవ్వాడు.

"ఫ్రేము పొయిందనుకున్యారా సార్? పంపు బేరింగు పొద్దస్తమానం గుండ్రంగా తిరుగుతాది, గ్రీజు అంతా పాకుతాది. ఇది ఇట్ల రవ్వంత కదిలి అట్ల నిలబడిపోతాది. ఒక్కతావునే బరువంతా పడి గుంట పడతాది. దానికి తోడు ఈ సముద్రం గాలి, మీ చెమట. తుప్పు పట్టక ఏం చేస్తాది?"

ఇంతకన్నా చక్కగా ఏ పుస్తకమూ చెప్పదు. బేరింగు మూత మీదే నంబరుంటుంది, నావి 6900, 6902. ఏ బేరింగుల షాపులోనైనా దొరికేవే. రెండువైపులా రబ్బరు మూతలున్నవి తీసుకున్నాం. ఎనిమిదీ కలిపి 14 రియాళ్ళు. కూలి వద్దంటే వద్దన్నాడు, బలవంతాన మూడు రియాళ్ళు చేతిలో పెట్టాను.

టీ తాగుతూ పిల్లల గురించి అడిగాడు. చెప్పాను. "మీ కాడే ఉంది పాప. అదృష్టం సార్" అన్నాడు. అతని కూతురు కడపలో డిగ్రీ చదువుతోందట. అతనొచ్చి పదహారేళ్ళు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. "లెక్కేస్తే దాంతో ఉన్నది ఏడాదిన్నర గూడా లేదు" అన్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టి మరీ చెప్పాడు.

ఇంటికొస్తూ నేనూ లెక్కపెట్టుకున్నాను. గల్ఫులో పిల్లల్ని పెంచేవాళ్ళందరికీ తెలిసిన లెక్కే. పన్నెండో తరగతి పరీక్షలు, ఆ వేసవిలో ఇండియాకో ఇంకెక్కడికో ప్రయాణం. ఆ తరవాత వాళ్ళు మనింటికి సెలవులకొచ్చే చుట్టాలు. మా అమ్మాయికి ఇంకా ఏడాదిన్నర పైచిలుకు ఉంది. అందులో వేసవి శుక్రవారాలు తీసేస్తే మిగిలేవి ఎన్ని?

షాక్ సీళ్ళ కిట్టు తొమ్మిది రియాళ్ళకి తెచ్చి నేనే మార్చుకున్నాను. మొత్తం 26 రియాళ్ళతో నా బండి మూగదైంది. ఇంకో 240 రియాళ్ళు పెట్టి అమ్మాయికి 29 అంగుళాల హార్డ్‌టెయిల్ కొన్నాను. వెనక షాక్ ఉండదు, నేర్చుకునేవాళ్ళకి అదే మంచిది.

మీలో ఎవరైనా ఇదే మీమాంసలో ఉంటే, నాకు తేలింది ఇది. ముందు బేరింగులు, షాక్ సీళ్ళు చూసుకోండి. పాత ఫ్రేము మీద మనం వేసే నిందల్లో చాలావరకు వాటివే. అతుకుల పక్కన రంగు కింద అనుమానం ఉంటే పరీక్షించండి. నిజంగా పగులు ఉంటే మాత్రం అతికించి తొక్కుదామని చూడకండి, ఆ రోజే దించేయండి. ఫ్రేము మీ ఒంటికి చిన్నదైనా, మీ చక్రాలకి టైర్లు దొరకడం మానేసినా మార్చడం న్యాయమే. అప్పుడు కూడా విడి ఫ్రేము ధర పక్కన పూర్తి సైకిలు ధర రాసుకుని చూడండి.

కిందటి శుక్రవారం ఇద్దరం వెళ్ళాం. మొదటి రాళ్ళగుట్ట దగ్గర దిగి నడిపించుకుంది. రెండోదాని దగ్గర దిగలేదు. నేను వెనకాలే ఉన్నాను. నా బండి చప్పుడు చెయ్యడంలేదు కాబట్టి దాని టైర్ల కింద రాళ్ళు జారే చప్పుడంతా వినబడుతోంది.

ఇంటికొచ్చాక అలవాటు ప్రకారం ఒక కాగితం రాసి గోడకి అంటించాను: తనిఖీ తేదీ, ఫలితం, తదుపరి తనిఖీ ఏప్రిల్లో. ఏ రిపోర్టైనా చూసిన రోజుకే చెల్లుతుంది. అందుకే ప్రతి ఆరునెలలకీ చూడాలని కింద గీత కూడా గీశాను. అది చదివి మా అమ్మాయి వేళ్ళు మడిచింది.

"ఏప్రిల్, అక్టోబరు, మళ్ళీ ఏప్రిల్. అంటే నేను వెళ్ళేలోపు మూడు తనిఖీలే నాన్నా. మూడోసారి పగులొస్తే?"

"నీ సైకిలు నాకిచ్చి వెళ్ళు" అన్నాను.

"సీటు ఎత్తు మార్చకపోతే ఇస్తాను" అంది.