విశ్వాసానికి తూకమెందుకు?



వార్డుల్లో రోగుల కోసం ప్రార్థించడానికి వచ్చే సంఘస్థులంటే మాకు ఎంతో గౌరవం. అయితే వారిలో కొందరు వెళ్తూ వెళ్తూ, "నీకు విశ్వాసం చాలడంలేదు, అందుకే స్వస్థత రాలేదు" అని చెప్పి పోతున్నారు. ఇది వాక్యానుసారమైన మాట కాదని మేము నమ్ముతున్నాము. అప్పటికే నొప్పితో ఉన్న మనిషి మీద ఇప్పుడు నేరం కూడా పడుతోంది.

రక్షణ దేవుని వరమనీ, క్రియల వలన కలగదనీ, కాబట్టి అతిశయించడానికి ఎవరికీ వీలులేదనీ పౌలు ఎఫెసీయులకు రాశాడు (2:8-9). మరి విశ్వాసాన్నే తూకం వేసి, ఇంత ఉంటేనే దేవుడిస్తాడంటే అది కూడా ఒక క్రియ అయిపోదా?

నయమాను సంగతి చూడండి (2 రాజులు 5). సిరియా సైన్యాధిపతి, కుష్ఠరోగి. వెండి, బంగారం, పది దుస్తుల బట్టలు వెంట తెచ్చుకున్నాడు. ఎలీషా బయటికైనా రాకుండా, యొర్దానులో ఏడుసార్లు స్నానం చేయమని కబురు పంపాడు. మా దమస్కు నదులు ఇంతకంటే మంచివి కావా అని నయమానుకు కోపం! పెద్ద పని ఏదైనా చెబితే చేసేవాడే. చివరికి తన దాసుల మాటకు తగ్గి నీళ్లలోకి దిగాడు. దిగేటప్పుడు అతనికి ఎంత విశ్వాసముందో వాక్యం చెప్పలేదు. బాగుపడ్డాక కానుక ఇవ్వబోతే ఎలీషా ముట్టలేదు. (ముట్టిన గేహజీకి ఏమైందో మనకు తెలుసు.)

విశ్వాసం వల్లే బాగుపడ్డావని ప్రభువు కొందరితో అనలేదా అని మీరు అడగవచ్చు. అన్నాడు, బాగుపడినవారితో. మూర్ఛరోగియైన చిన్నవాని విషయంలో అల్పవిశ్వాసమని గద్దింపు పొందినది శిష్యులే గాని రోగి కాదు (మత్తయి 17). తన అపనమ్మకానికి సహాయం చేయమని ఏడ్చిన ఆ తండ్రిని ప్రభువు వెనక్కి పంపలేదు (మార్కు 9). పౌలు సైతం త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చాడు; అతని విశ్వాసం గురించి ఒక్క మాట అనలేదు.

ఇలాంటి మాటలు విని, విశ్వాసం రుజువు చేసుకోవాలని మాత్రలు మానేసేవారున్నారు. క్షయ మందులు మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగకుండా ముదరవచ్చు. దేవునికి రుజువు చూపబోవడం దీనత్వం అనిపించుకోదు.

కాబట్టి సందర్శకులకు మా విన్నపం. తప్పక రండి, ప్రార్థించండి. విశ్వాసం లెక్క మాత్రం అడగవద్దు. వెళ్లేముందు, రాత్రి మాత్ర వేసుకున్నారో లేదో అడగండి.