చూపించని బొమ్మ

దసరా సెలవులకు మా ఊరు మోతె వెళ్ళి వచ్చాను. సూర్యాపేటలో ఖమ్మం బస్సెక్కి, పక్కవాడితో వానల సంగతీ వరి సంగతీ మాట్లాడుతూ కూర్చుంటే, ఆ మాట పూర్తికాకముందే వచ్చేస్తుంది మా ఊరు. వెళ్ళింది పండగకే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఒక పాత తప్పు నా వెంట బస్సెక్కి వచ్చింది. ఈ వారం పాఠకులతో ఆ ముచ్చటే చెప్పుకోవాలని ఉంది.

మా అక్క ఇంట్లో, లోపలి గదిలో ఒక ఇనప్పెట్టె ఉంది. మా అమ్మ కాపురానికి వచ్చిననాడు తెచ్చుకున్న పెట్టె. పండగచీర కోసం అక్క దాన్ని తెరిస్తే అడుగున పాత కాలెండర్ల కట్ట ఒకటి కనిపించింది. "ఇవెందుకు దాచావే అక్కా? చిత్తుకాగితాల వాడికి వెయ్యరాదూ?" అంటూ ఒకటి తీసి తిప్పాను. వెనకవైపు తెల్లని భాగంలో, మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు! రెండోది తిప్పాను. మోకు కట్టుకుని తాటిచెట్టెక్కుతున్న గౌడు. మూడోది తిప్పి, ఇక అక్కడే కూలబడ్డాను. వేపచెట్టు కింద నవారు మంచం. మంచం మీద మా నాన్న. ఆయన పోయి మూడేళ్ళయింది. తలకింద చెయ్యి పెట్టుకుని, ఒక కాలు ముడుచుకుని పడుకునే ఆ తీరు మా ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఎవరు గీశారే?"

"ఇంకెవరు తమ్మీ, నీ మేనకోడలే. రాత్రిళ్ళు గిదే పని. ఎవ్వరికీ చూపియ్యదు," అంది అక్క.

ఇంతలో ఆ పిల్ల పరుగెత్తుకుని వచ్చి నా చేతిలో కట్ట లాక్కుంది. "వద్దు మామా! మంది చూస్తే నవ్వుతరు." మొహం కందగడ్డయింది. గడపలో నిలబడ్డ మా బావ, "బొమ్మలేస్తే బువ్వ దొరుకుతదా బామ్మర్దీ? డిగ్రీ మంచిగ చదువుకొమ్మని నువ్వన్న చెప్పు," అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు. రెండెకరాల మీద ఇల్లు నెట్టుకొస్తూ ఆడపిల్లను చదివిస్తున్న తండ్రికి ఉండవలసిన భయమే ఉంది.

పాఠాలు చెప్పేవాణ్ణి కదా, ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. "నవ్వితే నవ్వనీ బిడ్డా" అని నోటిదాకా వచ్చింది. కాని గొంతులోనే ఆగిపోయింది. ఎందుకంటే, ఒకప్పుడు అలా చూసి కోప్పడ్డవాణ్ణి నేనే.

పదిహేనేళ్ళ క్రిందటి మాట. క్లాసులో ఛందస్సు చెబుతున్నాను. యతిప్రాసల దగ్గర నేను ఊగిపోతూ ఉంటే వెనకబెంచీలో ఒక కుర్రవాడు తల ఎత్తడం లేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే నోటుబుక్కులో నా బొమ్మ! ముక్కుమీదికి జారిన కళ్ళద్దాలు, గాలిలో లేచిన చూపుడువేలు, చొక్కా నిండా సుద్దపొడి. పోలిక కుదరకపోతే నవ్వి ఊరుకునేవాణ్ణేమో. కుదిరింది కనుకనే కోపం వచ్చింది. ఆ కాగితం చింపి నాలుగు ముక్కలు చేశాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్లవాడు మాత్రం నవ్వలేదు. ఆ తరువాత వాడు క్లాసులో బొమ్మ గీయగా నేను చూడలేదు. అప్పుడది నా క్రమశిక్షణకు విజయమనుకున్నాను!

ఇలాంటి సందర్భంలోనే మరో ఉపాధ్యాయుడు ఏం చేశాడో చూడండి. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలుగా ఉండేవాడు. ఆ ఊళ్ళో 1897లో పుట్టిన దామెర్ల రామారావు చదువుకంటె బొమ్మల మీదనే మనసున్న పిల్లవాడు. ఆ బొమ్మలు దొర కంటబడ్డాయి. ఆయన చింపలేదు. కుర్రవాణ్ణి దగ్గరికి తీశాడు, అజంతా చూపించాడు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపడానికి పూనుకున్నాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో రామారావు 'ఋష్యశృంగ బంధనం' చిత్రానికి వైస్రాయి బహుమతి వచ్చింది.

బహుమతి వచ్చినవాడు దాన్ని గోడకు తగిలించుకుని కూర్చోలేదు. మరుసటి సంవత్సరమే రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, తనకు తెలిసింది పదిమందికి పంచడం మొదలుపెట్టాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుద్ధవరపు కామేశ్వరి కూడా చిత్రకారిణులే. 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయన్ను తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండలేదు. అయినా ఈనాటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్టు గ్యాలరీలో ఆ చిత్రాలు చూడవచ్చు. వరదా వెంకటరత్నం వంటి మిత్రులు ఆ పని కొనసాగించారు కనుక అది సాధ్యమయింది. బతికినన్నాళ్ళు పెట్టెలో దాచుకుని ఉంటే, వాటిని కాపాడవలసిన అవసరం ఉందని ఎవరికి తెలిసేది?

"అది గోదావరి ఒడ్డు ముచ్చట మామా. మన దిక్కు బొమ్మలెవరు చూస్తరు?" అంది మా మేనకోడలు. సరే, మన దిక్కు మాటే చెబుతానన్నాను.

కరీంనగర్ వైపు బూరుగుపల్లి అనే పల్లెలో 1942లో పుట్టారు తోట వైకుంఠం. హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివి, తరువాత బరోడా వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ వంటి గొప్ప గురువు దగ్గర నేర్చుకున్నారు. తిరిగి వచ్చాక హైదరాబాదు బాలభవన్‌లో చిన్నపిల్లలకు బొమ్మలు నేర్పే ఉద్యోగం చేస్తూ ఏళ్ళు గడిపారు. అంత చదువూ చదివి, అన్ని ఊళ్ళూ తిరిగి, చివరికి ఆయన కుంచె పట్టుకొచ్చింది ఎవరిని? నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, ఒంటికి పసుపు, ముదురురంగు చీర, నల్లని మేనితో తెలంగాణ పల్లెల్లో తిరిగే ఆడవాళ్ళను! ఆ అమ్మలక్కలే ఇప్పుడు ఢిల్లీ, బొంబాయి ప్రదర్శనశాలల గోడల మీదికీ, సముద్రాల ఆవలి ఇళ్ళలోకీ వెళ్ళి కూర్చున్నారు. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' చిత్రానికి కళాదర్శకత్వం వహించినందుకు వైకుంఠానికి జాతీయ బహుమతి కూడా వచ్చింది. ఒక గడీలో దాసిగా బతికిన ఆడదాని కథ అది. ఆ గోడలూ ఆ గదులూ నిజమనిపించడానికి వెనక, పల్లెను కళ్ళారా చూసినవాడి జ్ఞాపకం ఉంది.

అందరూ ఊరు వదిలి పోవాలనీ లేదు. సిద్దిపేట కాపు రాజయ్య డ్రాయింగు మాస్టరుగా పనిచేస్తూ, 2012లో కన్నుమూసేదాకా మన బోనాలూ బతుకమ్మలూ పల్లె జనాన్నీ గీస్తూనే ఉన్నారు. మన నకాషీల నుంచి తీసుకున్న గీతా, ఆ రంగులూ ఆయన చిత్రాల్లో కనిపిస్తాయి. ఆ నకాషీ బొమ్మలు ఇప్పటికీ చేర్యాలలో వేస్తున్నారు. బట్టకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేల మీద కులపురాణాలు గీసి, గజాలకొద్దీ పొడుగున్న పటాన్ని చుట్టగా చుడతారు. కథ చెప్పేవాళ్ళు దాన్ని ఊరూరా తిప్పి, విప్పుతూ పాడేవారు. విప్పితేనే కథ. చుట్టి మూల పెడితే అది ఒట్టి బట్ట!

ఇంతా చెప్పినా ఆ పిల్ల తల ఊపింది గాని మనసు ఒప్పుకోలేదు. నా పాఠం ఓడిపోయిన చోట మా అక్క ఒక్క మాటతో గెలిచింది. ఆరోజు సద్దుల బతుకమ్మ. తాంబాళంలో తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేరుస్తూ తల ఎత్తకుండానే అంది: "పొద్దుట సంది పేర్చి, ఈ బతుకమ్మను గూడ గా పెట్టెలనే పెట్టి తాళమేద్దామా బిడ్డా?"

పిల్ల ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి లోపలికి వెళ్ళి కట్ట తెచ్చింది.

నిజమే కదండీ! మన ఆడవాళ్ళ కళ ఏనాడు దాగి ఉంది? ముగ్గు వాకిట్లో వేస్తారు. బతుకమ్మను నడివీధిలో పెట్టి చుట్టూ తిరుగుతారు. పక్కింటి బతుకమ్మ ఎంతెత్తు పేర్చారో చూసి, వచ్చే ఏడు మనం ఇంకో వరస పేర్చాలనుకుంటారు. మర్నాటికి ముగ్గు చెరిగిపోతుంది, బతుకమ్మ చెరువులో కలుస్తుంది. అయినా ఎవరూ చూపించడం మానరు. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి గుళ్ళో, కాకతీయుల నాటి రాతి మీద క్షీరసాగర మథనం చిత్రం మాసిపోయి ఇంకా కొంత మిగిలి ఉంది. గీసిన చేయి ఎవరిదో తెలియదు. వచ్చేపోయేవారు తలెత్తి చూస్తారనే గదా ఆ పేరులేనివాడు అక్కడ గీశాడు!

సాయంత్రం అరుగు మీది గోడకు తాడు కట్టి ఏడు బొమ్మలు వేలాడదీశాము. మేకులు కొట్టింది ఎవరనుకున్నారు? మా బావే. "వంకరగ కొడ్తున్నవు బామ్మర్దీ, ఇటియ్యి," అని సుత్తె నా చేతిలోంచి తీసుకున్నాడు.

బతుకమ్మలతో వచ్చిన ఆడవాళ్ళు మా వాకిట్లో ఆగిపోయారు. ఎవరూ నవ్వలేదు. పైగా, "గీమె మన కిందింటి వదినె!", "గా కుక్క మా కుక్కే!" అని ఒకటే సందడి. అందులో డెబ్బై దాటిన ఒక ముసలమ్మ, నాట్ల బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "ఓ పిల్లా, ఇటు రా," అని పిలిచింది.

"బొమ్మ మంచిగున్నది గాని, నాటేసేటప్పుడు కొంగు గట్ల ఏలాడదియ్యం బిడ్డా. నడుముకు చుట్టి దోపుతం. ఇంకోటి, మేం నాటేసుకుంట ముందుకు పోం. ఎనకకు నడుస్తం. నువ్వు ఏసిన నారు మా ఎనకున్నది. అట్లైతే ఏసినదాన్ని మేమే తొక్కుకుంట వచ్చినట్టు గాదె?"

నేను బొమ్మ వైపు చూశాను. అక్షరాలా నిజం! పొలాల మధ్య పుట్టి, యం.ఏ. చదివి, ఆ బొమ్మను మెచ్చుకుని కూలబడ్డ నాకు ఆ సంగతే తట్టలేదు. నారుమళ్ళో నడుం వంచిన మనిషికి ఒక్క చూపులో తెలిసింది. మా మేనకోడలి మొహం చిన్నబోతుందేమోనని భయపడ్డాను. లేదు, కళ్ళు మెరిశాయి. ఆ రాత్రే ఆ బొమ్మ మళ్ళీ గీసింది. ఈసారి ఆడవాళ్ళ ముందు పచ్చని వరసలున్నాయి, వెనక ఇంకా నాటవలసిన బురద ఉంది. మొదటి బొమ్మ చూస్తే "బాగుంది" అనిపించింది. రెండోది చూస్తే నా నడుం నొప్పి పుట్టింది.

మూడేళ్ళు పెట్టెలో ఉండి ఆ బొమ్మ ఒక్క గీత పెరగలేదు. ఒక్క పూట అరుగు మీద ఉంటే అంత పెరిగింది. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇంతే.

"సెల్‌ఫోనులో పెడితే ప్రపంచమంతా చూస్తుంది కదా!" అని మా చిన్నబ్బాయి సలహా. పెట్టవచ్చు. నేను వద్దనను. కాని అక్కడ వెయ్యిమంది మెచ్చుకోలు గుర్తు నొక్కిపోతారు, కొంగు ఎక్కడ దోపుకోవాలో చెప్పేవారు తక్కువ. ముందు బొమ్మలో ఉన్నవాళ్ళకు చూపించాలి. తరువాత ఆ విద్య తెలిసినవాళ్ళకు చూపించాలి. ఆ తరువాత ముక్కూమొహం తెలియని ప్రపంచానికి. ఈ వరస తప్పకపోతే పిల్లలు పొగడ్తకు పొంగిపోరు, తెగడ్తకు కుంగిపోరు.

బువ్వ మాటంటారా? మా బావ భయాన్ని నేను తీసిపారెయ్యను. బొమ్మలు గీసిన ప్రతివాడూ వైకుంఠం కాడు. అందుకే డిగ్రీ మానవద్దని చెప్పాను. దానితోపాటు హైదరాబాదులో చిత్రకళ నేర్పే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉందనీ, ప్రవేశపరీక్ష రాసి అందులో చేరవచ్చుననీ బావకు చెప్పాను. డ్రాయింగు మాస్టర్లు, పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్ళు, సినిమాలకు కళాదర్శకులు ఇలాంటి చదువుల నుంచే వస్తారనీ చెప్పాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. నేను బస్సెక్కేటప్పుడు మాత్రం, "గా రంగుల డబ్బాలు పేటల యాడ దొరుకుతయి?" అని అడిగాడు.

అమ్మలారా, అయ్యలారా! మీ ఇంట్లోనూ ఒక పెట్టె ఉండవచ్చు. పరుపు కిందో, పుస్తకాల వెనకో, పాత కాలెండర్ల అడుగునో ఉండవచ్చు. ఈ ఆదివారం ఒకసారి తీయించండి. మెచ్చుకోవడం చేతగాకపోతే పోనీ, ఒక మేకు కొట్టండి.

ఇక మిగిలింది నా బాకీ. పదిహేనేళ్ళ క్రిందట వెనకబెంచీలో కూర్చున్న నాయనా, నువ్వెక్కడ ఉన్నావో నాకు తెలియదు. ఈ పేజీ నీ కంటబడితే, ఆ బొమ్మ మళ్ళీ గీసి పంపు. కళ్ళద్దాలు ఇప్పుడు ఇంకా కిందికి జారుతున్నాయి, జుట్టు పలచబడింది. ఉన్నదున్నట్టే వెయ్యి. ఈసారి చింపను, మా ముందుగదిలో అందరికీ కనపడేచోట తగిలిస్తాను.