ఉప్పు, నడుము చుట్టుకొలత, మధుమేహం: విస్తరణ పాఠాలలో ఒక లోపం

పొలంలోని లవణాన్ని విద్యుద్వాహకతతో కొలిచి, ఇది పాలచౌడు, ఇది కారుచౌడు అని వేరుచేసి చెప్పే మనం రైతు కంచంలోని ఉప్పును కొలిచిన సందర్భాలు అరుదు. ఉప్పు అనగానే రక్తపోటు, మధుమేహం అనగానే చక్కెర గుర్తుకు వస్తాయి. ఈ రెండింటినీ కలిపి చూడకపోవడం మన విస్తరణ పాఠాలలోని లోపమని నా అభిప్రాయం.

యూకే బయోబ్యాంక్‌లో నమోదైన 4 లక్షలకు పైగా వయోజనులను సుమారు 12 సంవత్సరాలు పరిశీలించిన అధ్యయనం 2023లో వెలువడింది. వడ్డించిన ఆహారంపై ఎల్లప్పుడూ ఉప్పు చల్లుకొనే వారిలో, ఎన్నడూ లేదా అరుదుగా చల్లుకొనే వారికంటే టైప్ 2 మధుమేహ ముప్పు 39 శాతం అధికంగా కనిపించింది. ఈ సంబంధంలో కొంత భాగానికి అధిక బరువు, నడుము భాగంలో చేరిన కొవ్వు కారణమై ఉండవచ్చని పరిశోధకులు విశ్లేషించారు. ఇది పరిశీలనాత్మక అధ్యయనం మాత్రమే. ఉప్పే కారణమని రుజువు చేయలేదు. పైగా మన వంటలో ఉప్పు అధికభాగం పొయ్యి మీదనే చేరుతుంది.

ఉప్పులో శక్తి లేదు, అది కొవ్వుగా మారదు. అయితే ఎక్కువ అన్నం తినిపిస్తుంది. ఆవకాయ కలిపిన తొలి ముద్ద రుచి మరో నాలుగు ముద్దలు కోరుతుందని మనలో ఎవరికి తెలియదు? నాట్లు, కోతలు చేతులతో సాగిన రోజుల్లో ఆ అన్నం పొలంలోనే ఖర్చయ్యేది. నేడు యంత్రాలు వచ్చాయి, కంచం మాత్రం మారలేదు. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలోని వయోజనులలో 11.4 శాతం మందికి మధుమేహం, సుమారు 40 శాతం మందికి ఉదర స్థూలకాయం ఉన్నాయి.

నేను నిర్వహించిన పచ్చళ్ళ తయారీ శిక్షణలో ఒక మహిళ, "మా ఇంట్లో ముగ్గురికి షుగరుంది మేడమ్, ఇది రోజుకు ఎంత తినవచ్చు?" అని అడిగారు. ముక్కలకు ఎంత ఉప్పు పట్టించాలో, సీసా ఎలా మూతవేయాలో చెప్పిన నా వద్ద ఆ ప్రశ్నకు సమాధానం లేదు. ఉదయం ఉప్పుతో నిల్వచేయడం నేర్పి, మధ్యాహ్నం పోషకాహారంపై ఉపన్యసిస్తున్నాము!

నిల్వ పచ్చడిలో ఉప్పును ఇష్టానుసారం తగ్గిస్తే బూజు పడుతుంది. కాబట్టి తగ్గించవలసింది ముందుగా వడ్డింపును. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించరాదన్న పరిమితిలో పచ్చడి, అప్పడం, చల్లమిరపకాయ, మజ్జిగలోని ఉప్పు అన్నీ కలిసే ఉన్నాయని శిక్షణలో తూచి చూపాలి. మన సంఘాలు అమ్మే సీసాలపై ఒక చెంచా పచ్చడిలోని ఉప్పు ఎంతో ముద్రించాలి. పులుపు, శీతలీకరణ సాయంతో ఉప్పు ఎంతవరకు తగ్గించవచ్చన్నది స్నాతకోత్తర విద్యార్థులకు తగిన పరిశోధనాంశం. శిక్షణ సామగ్రిలో కొలత టేపు కూడా ఉండాలి. నడుము చుట్టుకొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటిన వారిని రక్త పరీక్షకు పంపవచ్చు.

మండుటెండలో చెమటోడ్చే కూలీకి మాత్రం ఈ సలహాను యథాతథంగా అప్పగించరాదు. వారికి నీరు, లవణాలు రెండూ అవసరమే. పొటాషియం కలిపిన ఉప్పును సైతం మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి వైద్యుని సలహా లేకుండా సూచించకూడదు.