సొరారిటీలో చేర్చమంటావా?

పోయిన నెల డాలస్ నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయి యూనివర్సిటీలో మొదటి సంవత్సరం. ఏదో సొరారిటీలో చేరతానని గొడవ పెడుతోందట. "బోలెడు ఫీజు కట్టాలటే. పైగా వాళ్ళు చూసి, మాట్లాడి, నచ్చితేనే తీసుకుంటారట. పెళ్ళిచూపుల్లా లేదూ? మీ బావ వద్దంటున్నారు. నువ్వు ఏళ్ళ తరబడి హాస్టళ్ళలో ఉన్నదానివి కదా, చెప్పు, చేర్చమంటావా?" అంది.

హాస్టలుకీ దానికీ పోలికేంటో నాకప్పుడు తట్టలేదు. రేపు చెప్తానక్కా అని పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే, పోలిక ఉంది. అదే ఈ గోలంతా.

సొరారిటీ అంటే వినడానికి మన 'సోదరి'లా ఉంటుంది గానీ ఆ రెండు మాటలకీ చుట్టరికం లేదు. లాటిన్లో సొరార్ అంటే అక్కో చెల్లెలో. అమెరికా కాలేజీల్లో మగపిల్లల సంఘాలు అమ్మాయిల్ని రానివ్వని కాలంలో, 1870 ప్రాంతాల్లో, వాళ్ళు తమకంటూ పెట్టుకున్న సంఘాలివి. గ్రీకు అక్షరాల పేర్లూ, సొంత ఇళ్ళూ, రహస్య ప్రమాణాలూ గట్రా. డబ్బున్న తెల్లపిల్లల క్లబ్బులని చెడ్డపేరు కూడా ఉంది, అది ఊరికే రాలేదు. 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో నల్లజాతి అమ్మాయిలు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. 1998లో టెక్సాస్‌లోనే మన వైపు కుటుంబాల అమ్మాయిలు రెండు పెట్టారు. ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా. ఆ ఏడాది నవంబర్లోనే ఇక్కడ వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు.

ఆ టవర్స్ చుట్టూ పుట్టుకొచ్చినవే మన సొరారిటీలు. అదేనండీ, లేడీస్ హాస్టళ్ళు.

2006లో నేను మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఫోర్ షేరింగ్‌లో దిగాను. శ్రీకాకుళం అమ్మాయి, అనంతపురం అమ్మాయి, కరీంనగర్ అమ్మాయి, తెనాలి నుంచి నేను. మమ్మల్ని ఎవరూ ఎంపిక చెయ్యలేదు. ఏ మంచం ఖాళీగా ఉంటే దాని మీద ఆంటీ పడేసింది, అంతే. కులం ఎవరూ అడగలేదని అబద్ధం చెప్పను, అడిగారు. అడిగాక కూడా అదే గది, అదే గీజరు, ఆదివారం అదే చికెన్. అమెరికా వాళ్ళ పద్ధతి కంటే ఇది నయమని ఇప్పటికీ అంటాను.

2009 మాంద్యంలో అనంతపురం అమ్మాయిని బెంచి మీద కూర్చోబెట్టి, తర్వాత ఇంటికి పొమ్మన్నారు. అయిదు నెలలు ఆమె హాస్టల్ ఫీజు మేం ముగ్గురం కట్టాం. పెద్ద వాటా శ్రీకాకుళం అమ్మాయిది, మాలో కాస్త జీతం ఎక్కువ తనకే. అప్పని ఎవరూ రాసుకోలేదు. ఊళ్ళో వాళ్ళింట్లో ఆ సంగతి ఈ రోజుకీ తెలియదు.

తర్వాత పెళ్ళిళ్ళయ్యాయి. మూడేళ్ళలో నలుగురివీ.

ఇక్కడ అబ్బాయిలకి ఒక విషయం చెప్పాలి. పెళ్ళయ్యాక మీ స్నేహితులు మీ స్నేహితులుగానే ఉంటారు. మా స్నేహితులు మాత్రం 'ఫ్యామిలీ ఫ్రెండ్స్'గా ప్రమోషన్ పొందాలి. అంటే నేనూ కరీంనగర్ అమ్మాయీ కలవాలంటే ముందు మా ఆయనకీ వాళ్ళాయనకీ మాట కలవాలి. ఒకాయన క్రికెట్, ఇంకొకాయన షేర్ మార్కెట్ అయ్యారా, అయిపోయింది, ఆ స్నేహం పుట్టినరోజులకి పరిమితం. దాని బదులు మా ఆయన రూమ్మేట్ల భార్యలు నాకు స్నేహితురాళ్ళయ్యారు. మంచివాళ్ళే, కాదనను. కానీ వాళ్ళ దగ్గర మా ఆయన మీద చాడీ చెప్పుకోలేను కదా!

"ఎవరాపారు, వెళ్ళి కలవచ్చుగా" అంటారు. నిజమే, ఎవరూ ఆపరు. అడుగుతారు. ఎవరెవరు వస్తున్నారు, ఎక్కడ, ఎన్నింటికొస్తావ్, పిల్లాడి సంగతేంటి. మా ఆయన ఆదివారం పొద్దున్నే బాక్స్ క్రికెట్‌కి వెళ్తారు, పదేళ్ళ నుంచీ. ఆయన్ని ఎవరూ అడగరు, ఎందుకంటే ఆదివారం ఆయనకి మ్యాచ్ ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. 2019లో ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పని మీద పెడుతున్నారని తేలింది. ఆ తేడాలో ఒక మ్యాచ్ ఆడుకోవచ్చు.

హాస్టల్‌కి ఇంకో లోపముంది. అది చిరునామా కాదు. 2020 మార్చి 25న మాదాపూర్, అమీర్‌పేట హాస్టళ్ళ పిల్లలు బ్యాగులేసుకుని పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు నిలబడ్డారు, ఊళ్ళకి బయల్దేరిన వాళ్ళు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుపోయారు, గుర్తుందా? ఒక్క రోజులో ఖాళీ. మా హాస్టల్ బిల్డింగైతే అంతకు ముందే పడగొట్టి ఇంకేదో కట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. 2023 జనవరిలో శ్రీకాకుళం అమ్మాయి ఉద్యోగం పోయింది. ఆ ఏడు చాలామందికి పోయాయి లెండి. తను ఉండేది నల్లగండ్లలో, నేను కొండాపూర్‌లో. ఆ విషయం నాకు తెలిసింది 2024 ఆగస్టులో. అదీ కొత్తగూడలో బట్టల షాపులో కరీంనగర్ అమ్మాయికి అనుకోకుండా ఎదురుపడితే. 19 నెలలు! ఈ 19 నెలలూ మా నలుగురి వాట్సాప్ గ్రూపు బ్రహ్మాండంగా నడిచింది. పుట్టినరోజులకి కేకు బొమ్మలు పడ్డాయి, వాటిలో తను పెట్టినవీ ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు కలిశాం కూడా.

ఏడుపొచ్చి, కోపమొచ్చి ఫోన్ చేశాను. "ఎందుకు చెప్పలేదే?" అంటే, "ఎప్పుడు చెప్పమంటావ్? కలిసినప్పుడల్లా పక్కనే మా ఆయన, మీ ఆయన, పిల్లలు. బయట తెలియడం ఆయనకిష్టం లేదు" అంది. అప్పటికి పిల్లల స్కూలు ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టింది. 2009లో రూపాయి లెక్క చూసుకోని మనిషి.

నా తప్పూ ఉంది. ఆ రెండుసార్లూ తన చేతుల మీద గాజుల్లేవని నేను చూడనేలేదు.

సొరారిటీ దగ్గర నాకు నచ్చిందల్లా ఒక్కటే. చదువు పూర్తయ్యాక కూడా ఊరూరా వాళ్ళకి శాఖలుంటాయి, వాటికి మీటింగులుంటాయి. మొగుడి స్నేహితులతో నిమిత్తం లేదు. కమలా హారిస్ హోవర్డ్‌లో చదువు పూర్తి చేసింది 1986లో. 2020లో ఆవిడ ఉపాధ్యక్ష పదవికి నిలబడితే ఆల్ఫా కప్పా ఆల్ఫా ఆడవాళ్ళు చాలామంది తలా 19 డాలర్ల 8 సెంట్లు చందా పంపారు, 1908కి గుర్తుగా. మధ్యలో 34 ఏళ్ళు. ప్రేమ వాళ్ళకెక్కువా మాకు తక్కువా? అదేం కాదు, వాళ్ళకి కలిసే రోజంటూ ఒకటుంది.

అందుకని 2024 అక్టోబర్ నుంచి మేమూ ఒకటి పెట్టుకున్నాం. ప్రతి నెలా మొదటి శనివారం, నాలుగు నుంచి ఏడు దాకా, కొత్తగూడలో ఒక టిఫిన్ సెంటర్. మొగుళ్ళు రాకూడదు, పిల్లలు రాకూడదు. క్యాలెండర్లో రికరింగ్ మీటింగ్ పెట్టి, ఎండ్ డేట్ ఇవ్వలేదు. బెంగుళూర్లో ఉన్న అనంతపురం అమ్మాయి మూడు నెలలకోసారి బస్సెక్కి వస్తుంది. మొదటి నెల మా అత్తయ్య "ఏంటమ్మా విశేషం?" అన్నారు. విశేషమేం లేదత్తయ్యా అన్నాను. మూడో నెల కూడా అన్నారు. అయిదో నెల నుంచి "ఇవాళ నీ శనివారం కదా" అంటున్నారు. శ్రీకాకుళం అమ్మాయికి రెండో నెల్లోనే మా నలుగురి పాత మేనేజర్లందరికీ రెజ్యూమే వెళ్ళింది. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో చేస్తోంది, జీతం మునుపటి కంటే తక్కువే.

అక్కకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "ఫీజు సంగతీ, ఎంపిక సంగతీ సరే. ఒక్క ముక్క అడగమను. చదువయ్యాక అమ్మాయి ఏ ఊళ్ళో ఉద్యోగం చేస్తే ఆ ఊళ్ళో వీళ్ళ శాఖ ఉంటుందా, నెలనెలా కలుస్తారా? అవునంటే చేర్చు."

అటువైపు చాలాసేపు మాట లేదు. కట్ అయిందనుకున్నా.

"నేనిక్కడికొచ్చి పద్దెనిమిదేళ్ళయిందే. మీ బావ ఫ్రెండ్స్ వాళ్ళావిడలు తప్ప నాకెవరున్నారు చెప్పు" అంది. తర్వాత గొంతు సవరించుకుని, బావకి తనే చెప్తానంది.