జ్వరానికి వచ్చినా బి.పి. చూడనివ్వండి

"జ్వరమని వస్తే బి.పి. ఎందుకు సిస్టర్?" అని ఓ.పి.లో చాలామంది అడుగుతుంటారు. దానికి మా జవాబు ఇది.

బి.పి. ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. పక్షవాతమో గుండెపోటో వచ్చాకే బయటపడుతుంది. అందుకే అడగకుండానే చూడాలి.

బ్రిటన్‌లోని వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని గ్రామంలో డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1960లలో కుటుంబ వైద్యుడిగా చేరారు. ఎవరు ఏ జబ్బుతో వచ్చినా బి.పి. చూసేవారు. రానివారిని పిలిపించేవారు. ఎక్కువగా ఉన్నవారిని ఏళ్ల తరబడి వదలలేదు. పొగ మానమని చెప్పడం కూడా ఆయన పనిలో భాగమే. 25 ఏళ్ల ఫలితాలు 1991లో ప్రచురించారు. పొరుగు గ్రామంకన్నా అక్కడ అకాల మరణాలు దాదాపు 28 శాతం తక్కువ. దానికి ఖరీదైన యంత్రాలు కాదు, బి.పి. పట్టీ, రికార్డు, ఓపిక కావలసి వచ్చాయి.

వైద్యం ఎక్కువ అవసరమైనవారికే అది తక్కువగా అందుతుందని ఆయన 1971లోనే రాశారు. మన ఇళ్లలోనూ అంతే. కూలి పోతుందని నాన్న రారు, వంట ఆగుతుందని అమ్మ రారు. అలాంటివారిని వెతికి చూడడం ఆసుపత్రుల బాధ్యత అని మా అభిప్రాయం. తీసుకురావడం మీ వంతు.

బి.పి. తగ్గిందని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. అది అదుపులో ఉన్నది ఆ మాత్రల వల్లే. ఈసారి వచ్చేటప్పుడు పాత చీటీతోపాటు, ఇంట్లో ఇంతవరకు బి.పి. చూపించుకోని పెద్దవారిని కూడా వెంటబెట్టుకు రండి.