విహార నౌకలో కొలువు: విశ్రాంతి గంటల లెక్క ఎవరిది?

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో నిలిచిపోయిన డైమండ్ ప్రిన్సెస్ నౌకలో 138 మంది భారతీయులు ఉండగా, వారిలో 132 మంది సిబ్బందే. కొవిడ్ భయంతో ప్రయాణికులు గదులకే పరిమితమైన ఆ రోజుల్లోనూ సిబ్బంది ఇరుకు గదులను పంచుకుంటూ, వారికి భోజనం అందిస్తూ విధుల్లో కొనసాగారు. దేశదేశాలు చూడవచ్చన్న ఆకర్షణకు ఇది రెండో ముఖం.

భారత్ 2015లో ఆమోదించిన సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం నావికులకు రోజుకు కనీసం 10, వారానికి 77 గంటల విశ్రాంతి ఇవ్వాలి. అంటే, ఈ విశ్రాంతి లెక్కను పాటించే నౌకలో వారానికి 91 గంటలు పని చేయించినా అది ఉల్లంఘన కాదు. ఒప్పందం ముగిశాక స్వదేశానికి చేర్చే ఖర్చు మాత్రం నౌకా యజమానిదే.

నియామక సంస్థకు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ లైసెన్సు తప్పనిసరి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి నుంచి రుసుము తీసుకోవడం నిషిద్ధం. సంతకానికి ముందే ఈ రెండూ సరిచూసుకోవాలి.

2024 సెప్టెంబరులో ప్రారంభమైన క్రూయిజ్ భారత్ మిషన్, 2029 నాటికి ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయాలని సంకల్పించింది. విశాఖపట్నంలోనూ విహార నౌకల టెర్మినల్ సిద్ధమైంది. ఎందరు ప్రయాణించారన్న లెక్కతో పాటు, సిబ్బందికి ఎన్ని గంటల విశ్రాంతి దక్కిందన్న లెక్కనూ మన రేవుల్లో తనిఖీ చేయాలి.